దారి పక్క మహాకాయులు: మిన్నెసోటా, డకోటాల గుండా ఆరు రోజులు

న్యూ సేలం ఊరికి ఇంకా అయిదు మైళ్ళ దూరం ఉందనగానే గుట్ట మీద నలుపు, తెలుపు మచ్చల ఆవు ఒకటి కనబడుతుంది. అంత దూరం నుంచి మామూలు ఆవు కంటికి ఆనదు కదా అన్న అనుమానం కలిగేసరికి కారు మరో మైలు ముందుకు పోతుంది, ఆవు మరికాస్త పెరుగుతుంది. నాలుగేళ్ళ క్రితం ఉత్తర డకోటాలో 94వ అంతర్రాష్ట్ర రహదారి మీద ఏదో తొందర పనిపై వెళుతూ దాన్ని అలా చూసి, ఆగకుండా దాటిపోయాను. ఆ ఆవును ఎవరు నిలబెట్టారు, ఎందుకు నిలబెట్టారు అన్న ప్రశ్న మాత్రం నన్ను వదలలేదు. ఈ జూన్ నెలలో అన్నయ్య, వదిన, వాళ్ళ తొమ్మిదేళ్ళ అమ్మాయి, నేను కలిసి చేసిన ఆరు రోజుల ప్రయాణానికి ఆ ఆవే కారణం. మినియాపొలిస్‌లో బయలుదేరి, ఉత్తర మిన్నెసోటా మీదుగా రెండు డకోటాలు తిరిగి, 90వ రహదారి వెంట తూర్పుకు వచ్చి విస్కాన్సిన్‌లో ముగించిన ఈ దారి మొత్తం పదిహేడు వందల మైళ్ళ పైచిలుకు ఉంటుంది.

ఈ ప్రాంతంలో ఇన్ని భారీ విగ్రహాలు ఎందుకున్నాయో తెలియాలంటే రోడ్ల చరిత్ర కొంత తెలియాలి. 1956లో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ సంతకంతో అంతర్రాష్ట్ర రహదారుల చట్టం వచ్చింది. అంతకుముందు దూరప్రయాణం చేసేవాళ్ళు ప్రతి ఊరి నడివీధి గుండా పోవలసిందే, ఏదో ఒక ఊళ్ళో ఆగి తిని, పెట్రోలు పోయించుకోవలసిందే. కొత్త రహదారులు ఊళ్ళను మైలో రెండు మైళ్ళో పక్కకు నెట్టివేసి సాగిపోయాయి. అలా పక్కన పడిపోయిన ఊరికి, వేగంగా పోయే బండిని ఒక్క నిమిషం ఆపగలిగేది దూరం నుంచే కనబడే ఒక ఆకారం. విగ్రహాలు కట్టడం అంతకుముందే ఉన్నా, 1956 తరవాత వాటి అవసరం పెరిగింది. కాబట్టి ప్రతిచోటా నేను ఎత్తు కంటె ముందు కథ చూశాను. ఆ ఆకారం ఆ ఊరి బతుకులోంచి పుట్టిందా, ఇప్పటికీ దాన్ని ఎవరైనా కనిపెట్టుకుని ఉన్నారా, దాని కోసం ఆగినవాడికి కాసేపు కూర్చునే చోటు, మంచినీళ్ళు, పరిశుభ్రమైన మరుగుదొడ్డి దొరుకుతున్నాయా అన్నవే నాకు ముఖ్యం.

మొదటి మజిలీ అలెగ్జాండ్రియా. ఊరి ప్రధాన వీధి చివర, సరస్సుకు దగ్గరలో, 28 అడుగుల వైకింగ్ యోధుడు (పాతకాలపు స్కాండినేవియా సముద్రయోధుడు) ఈటె పట్టుకుని నిలబడి ఉంటాడు. పేరు బిగ్ ఓలే. న్యూయార్క్‌లో 1964-65లో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో మిన్నెసోటా మంటపం కోసం తయారుచేసి, అది ముగిశాక ఇక్కడికి తెచ్చారు. అతని డాలు మీద అలెగ్జాండ్రియాను అమెరికా జన్మస్థలం అంటూ రాశారు. ఈ ధీమా వెనక ఒక రాయి ఉంది. 1898లో దగ్గరలోని కెన్సింగ్టన్ వద్ద, స్వీడన్ నుంచి వలస వచ్చిన ఓలాఫ్ ఓమన్ అనే రైతు పొలంలో చెట్టు పెకలిస్తుండగా వేళ్ళ మధ్య రూనిక్ అనే పాత ఉత్తర ఐరోపా లిపి చెక్కిన రాతిపలక బయటపడింది. 1362లో నార్డిక్ యాత్రికులు ఇక్కడికి వచ్చారని, వారిలో పదిమంది చనిపోయారని ఆ రాత చెబుతుంది. భాషను, లిపిని పరిశీలించిన పండితుల్లో అత్యధికులు అది పంతొమ్మిదో శతాబ్దంలో చెక్కినదేనని తేల్చారు. రాయి ఇప్పుడు విగ్రహానికి ఎదురుగా ఉన్న రూన్‌స్టోన్ మ్యూజియంలో ఉంది.

విగ్రహం నన్ను అంతగా ఆకట్టుకోలేదు. ఎండలో నిలబడి ఫొటో తీసుకుంటే అయిపోయింది. మ్యూజియం మాత్రం గంటన్నర కూర్చోబెట్టింది. రాయి నిజమైనదా కాదా అన్న విషయం పక్కన పెడితే, ఒక వలస సమాజం తాము ఈ నేలకు కొత్తవాళ్ళం కామని నమ్మడానికి ఎంతగా ఆశపడిందో అక్కడ స్పష్టంగా తెలుస్తుంది. అందువల్ల అలెగ్జాండ్రియాలో మ్యూజియం కోసం ఆగండి. బిగ్ ఓలేను దారిలో పలకరించి పోవచ్చు.

సాయంత్రానికి బెమిజీ చేరాం. ఈ యాత్రలోని విగ్రహాలన్నిటిలోకీ పెద్దవాళ్ళు ఇక్కడున్న జానపద కథల కలప కూలీ పాల్ బన్యన్, అతని నీలిరంగు ఎద్దు బేబ్. పెద్దవాళ్ళు అన్నది వయసును బట్టే. పాల్ ఎత్తు 18 అడుగులు మాత్రమే. 1937 జనవరిలో ఊరి శీతాకాలపు ఉత్సవం కోసం, గట్టి చలిలో పని సాగించి, ఇతన్ని సరస్సు ఒడ్డున నిలబెట్టారు. బేబ్‌ను మొదట్లో ఒక ట్రక్కు మీద కట్టి ఊరేగింపుల్లో తిప్పేవారు. ఇంజను పొగ గొట్టాన్ని ముక్కురంధ్రాల దాకా లాగడంతో ఎద్దు బుసకొడుతూ నడిచేదట. తరవాత దాన్ని శాశ్వతంగా పాల్ పక్కనే నిలిపారు. చారిత్రక స్థలాల జాతీయ జాబితాలో ఈ జంటకు 1988లో చోటు దక్కింది.

పాల్ బన్యన్ కథలు కలప నరికే కూలీల బసల్లో పుట్టాయి. ఒక్క గొడ్డలి వేటుకు అడవి అడవే కూలుతుంది, అతనూ ఎద్దూ తొక్కిన అడుగుల్లో నీరు నిండి మిన్నెసోటాలోని వేల సరస్సులు ఏర్పడ్డాయి. ఇంతవరకు అది జానపదమే. కానీ ఈ కథను దేశమంతా ఇంటింటికీ చేర్చినది ఒక వ్యాపార ప్రకటన. ఇదే రాష్ట్రంలోని ఏక్లీలో కలప కోసిన రెడ్ రివర్ లంబర్ కంపెనీ, ఇక్కడి పైన్ చెట్లు తరిగిపోవడంతో కాలిఫోర్నియాకు మకాం మార్చుతూ, 1914 నుంచి తన సరుకు ప్రచారానికి పాల్ బన్యన్ కథలతో చిన్న పుస్తకాలు పంచింది. కలప బసల్లో పనిచేసిన అనుభవం ఉన్న విలియం లాఫెడ్ ఆ కథలు రాసి బొమ్మలు వేశాడు. ఎద్దుకు బేబ్ అన్న పేరు పెట్టింది కూడా అతడే. అడవి నరికినవారి గొప్పను చెప్పే కథ, అడవి అయిపోయాక సరిగ్గా అక్కడే విగ్రహమై నిలిచిందన్న సంగతి తెలిశాక, ఆ చెక్‌ల చొక్కా మనిషిని చూస్తుంటే నాకు ముచ్చటతో పాటు దిగులు కూడా కలిగింది.

అక్కడి నుంచి సరస్సు ఒడ్డునే కొద్ది దూరం నడిస్తే షేనోవిష్కంగ్ అనే, స్థానిక ఓజిబ్వే జాతి పెద్దమనిషి కంచు విగ్రహం ఉంది. ఊరికి వలసవాళ్ళు వచ్చినప్పుడు వాళ్ళను ఆదుకున్నవాడని ఆయన్ని గౌరవంగా తలచుకుంటారు. పాత కొయ్య విగ్రహం స్థానంలో ఈ కంచు విగ్రహాన్ని 2015లో ప్రతిష్ఠించారు. అసలు బెమిజీ అన్న పేరే ఓజిబ్వే మాట. మిసిసిపీ నది సరస్సును అడ్డంగా దాటిపోవడాన్ని బట్టి ఆ పేరు వచ్చింది. మేమున్న రెండు గంటల్లో పాల్ బన్యన్ దగ్గర జనం వరసలో నిలబడి ఫొటోలు తీసుకుంటుంటే, ఇక్కడ మేము నలుగురమే ఉన్నాం. వెళ్ళేవాళ్ళు దయచేసి ఆ రెండో విగ్రహం దాకా నడవండి. దాని దగ్గర అమర్చిన పలకల మీది రాతలు తీరిగ్గా చదవదగినవి.

సేవల విషయంలో బెమిజీకి నా పూర్తి మార్కులు. విగ్రహాల పక్కనే పర్యాటక సమాచార కేంద్రం ఉంది. లోపల వివిధ రాష్ట్రాల నుంచి తెప్పించిన రాళ్ళతో కట్టిన పాత ఫైర్‌ప్లేస్ చూడవచ్చు. మరుగుదొడ్లు శుభ్రంగా ఉన్నాయి. కౌంటరు దగ్గరున్న పెద్దావిడ మా అమ్మాయికి మ్యాపు మీద మిసిసిపీ పుట్టిన ఇటాస్కా సరస్సు చూపించి, మర్నాడు పొద్దున్నే వెళ్ళమని చెప్పింది. సరస్సు ఎదుట బస కావాలంటే జూన్‌లో నెల ముందుగానే గది చూసుకోవాలి. మాకు ఊరి అంచున రహదారి పక్క మోటెల్ దొరికింది. గది చిన్నదైనా పక్కలు శుభ్రం, నిద్ర హాయి.

రెండో రోజు ఫార్గో మీదుగా జేమ్స్‌టౌన్ చేరేసరికి మధ్యాహ్నం దాటింది. ఇక్కడి బైసన్ (అమెరికా అడవిదున్న, దీన్నే బఫెలో అనీ అంటారు) విగ్రహం 26 అడుగుల ఎత్తు, 46 అడుగుల పొడవు, 60 టన్నుల బరువు. ప్రపంచంలోకెల్లా పెద్ద బఫెలో అని ఊరివాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు. 1959లో ఎల్మర్ పీటర్సన్ అనే శిల్పి ఉక్కు చట్రం మీద కాంక్రీటు పోతపోసి దీన్ని చేశాడు. అప్పుడు ఫైబర్‌గ్లాస్ కాలం ఇంకా పూర్తిగా రాలేదు. ఆ కాంక్రీటు బరువే ఈ విగ్రహానికి శోభ. మెడ కింద వేలాడే జూలు, మూపురం, కుదురుగా నాటుకున్న గిట్టలు చూస్తే ఈ జంతువును ఎవరూ అక్కడ పెట్టలేదని, దానంతట అదే వచ్చి నిలబడిందని అనిపిస్తుంది. యాభై ఏళ్ళ పాటు దానికి సొంత పేరంటూ లేకపోయింది. 2010లో పోటీ పెట్టి డకోటా థండర్ అని పేరు పెట్టారు.

ఈ విగ్రహాన్ని నేను పైస్థాయిలో నిలబెట్టడానికి కారణం దాని వెనక ఉన్న నిజం. కోట్ల సంఖ్యలో ఈ మైదానాల్లో తిరిగిన బైసన్‌లు 1880ల చివరికి వెయ్యి కంటె తక్కువకు పడిపోయాయి. తోళ్ళ కోసం చంపినవారు కొందరు, రైలు పెట్టెల్లోంచి వినోదానికి కాల్చినవారు కొందరు. వీటి మీదే ఆధారపడి బతికిన స్థానిక జాతులకు తిండీ గుడ్డా లేకుండా పోయాయి. విగ్రహం దగ్గరే ఉన్న మ్యూజియం ఈ చరిత్రను తడబాటు లేకుండా చెబుతుంది. దాని వెనక పచ్చికలో సజీవమైన మంద ఉంది. 1996లో పుట్టిన వైట్ క్లౌడ్ అనే తెల్ల బైసన్ ఆ మందలోనే చాలాకాలం ఉండి 2016లో చనిపోయింది. స్థానిక జాతులకు తెల్ల బైసన్ పవిత్రమైనది కాబట్టి దాన్ని చూడడానికి ఎంతో దూరం నుంచి వచ్చేవారు. మేము వెళ్ళినప్పుడు మంద చాలా దూరంగా ఉంది. మ్యూజియం వెనక వసారాలో ముప్పావు గంట కూర్చున్నాక, కూనలతో సహా పది పన్నెండు కంచె వైపు నడిచి వచ్చాయి. కాంక్రీటు బైసన్‌ను చూసి వెంటనే కారెక్కేవాళ్ళు ఈ సగాన్ని పోగొట్టుకుంటారు. విగ్రహం చుట్టూ పాత కాలపు దుకాణాలతో ఒక చిన్న వీధి ఉంది. పిల్లలకు బాగుంటుంది, పెద్దవాళ్ళకు పావుగంట చాలు.

ఆ రాత్రి దిగిన మోటెల్ గురించి మంచిమాట చెప్పలేను. పొగతాగని గది అని స్పష్టంగా రాసి తీసుకున్నాం. తలుపు తీయగానే సిగరెట్ వాసన ముఖాన కొట్టింది. ఉన్న ఒక్క ఉద్యోగి వేరే గది లేదన్నాడు, తగ్గింపు కూడా ఇవ్వలేదు. వదినకు రాత్రంతా దగ్గు. మర్నాడు ఉదయం అక్కడే ఆగివున్న ఒక ట్రక్కు డ్రైవరు చెప్పిన సలహా పనికొచ్చేది: డబ్బు కట్టేముందు తాళం అడిగి, గది తెరిచి చూసి రావడం ఇక్కడ అందరూ చేసే పనేనట, ఎవరూ తప్పుపట్టరట. తరవాతి రాత్రుళ్ళు అదే పాటించాం.

మూడో రోజు ఉదయం, నాలుగేళ్ళుగా నా బుర్రలో మేస్తున్న ఆవు దగ్గరికి వెళ్ళాం. 127వ ఎగ్జిట్ తీసుకుని, కంకర దారిలో గుట్ట ఎక్కితే సేలం స్యూ కాళ్ళ దగ్గరికే కారు పోతుంది. 38 అడుగుల ఎత్తు, 50 అడుగుల పొడవు, ఆరు టన్నుల ఫైబర్‌గ్లాస్. 1974లో ఊరి లయన్స్ క్లబ్ చొరవతో నలభై వేల డాలర్ల ఖర్చుతో దీన్ని నిలబెట్టారు. హోల్‌స్టీన్ జాతి పాడి ఆవులే ఈ ప్రాంతపు రైతులకు ఆధారం. ఊరి హైస్కూలు ఆటల జట్టు పేరు కూడా హోల్‌స్టీన్సే. పొదుగు మీది నరాలు సైతం శ్రద్ధగా చూపిన ఆ బొమ్మలో, ఆవును రోజూ చూసే జనం పని కనబడుతుంది. ప్రవేశ రుసుము లేదు, విరాళాల పెట్టె ఉంది, కాపలా లేదు. నీళ్ళు, మరుగుదొడ్డి, నీడ ఏవీ లేవు కాబట్టి ఆ పనులు రహదారి మీది విశ్రాంతి స్థలంలో ముందే ముగించుకోవాలి. గాలి మాత్రం కారు తలుపును చేతిలోంచి లాక్కునేంత బలంగా ఉంటుంది. పిల్లల చెయ్యి పట్టుకుని ఉండండి. అక్కడి నుంచి నాలుగు దిక్కులా పచ్చటి అలల్లాంటి నేల, దాని మధ్యలో రిబ్బనులా రహదారి కనిపించాయి. నాలుగేళ్ళ క్రితం నేను ఆగకుండా పోయిన వంపును పైనుంచి గుర్తుపట్టి, అన్నయ్యకు చూపించాను.

స్యూ దగ్గర నుంచి పడమరగా 55 మైళ్ళు వెళితే 72వ ఎగ్జిట్. ఇక్కడి నుంచి దక్షిణంగా రీజెంట్ ఊరి దాకా 32 మైళ్ళ దారిని ఎన్చాంటెడ్ హైవే అంటారు. ఈ యాత్ర మొత్తంలో నా మనసు నిలిచిపోయిన చోటు ఇది. రీజెంట్ జనాభా రెండువందల లోపు. బడి మూతపడే దశకు వచ్చింది, యువకులు వెళ్ళిపోయారు, ఊరు కూడా త్వరలో మాయమవుతుందన్న భయం పట్టుకుంది. ఆ ఊళ్ళోనే పుట్టి, బడిలో పంతులుగా, ప్రధానోపాధ్యాయుడిగా పనిచేసిన గ్యారీ గ్రెఫ్‌కు శిల్పకళలో శిక్షణ లేదు, వెల్డింగ్ కూడా రాదు. అయినా రహదారిని వదిలి ముప్పైరెండు మైళ్ళు లోపలికి జనం రావాలంటే దారి పొడుగునా ఎక్కడా లేనంత పెద్ద లోహశిల్పాలు ఉండాలని నిశ్చయించుకుని, 1990 ప్రాంతంలో పని మొదలుపెట్టాడు. వాడి పారేసిన చమురు ట్యాంకుల రేకులు, బావుల గొట్టాలు, పొలాల ఇనుప తుక్కు ఇతని సరుకు. నేల ఇచ్చిందీ, మొదట్లో వెల్డింగ్ నేర్పిందీ చుట్టుపక్కల రైతులే.

మొదటిది ఎగ్జిట్ దగ్గరే గుట్ట మీద ఉంటుంది. ఎగిరే బాతుల వరసను ఒక పెద్ద కన్నులాంటి చట్రంలో అమర్చిన ఈ శిల్పం 110 అడుగుల ఎత్తు, 154 అడుగుల వెడల్పు. తుక్కు ఇనుముతో చేసిన అతిపెద్ద శిల్పంగా 2002లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. తరవాత మైళ్ళకొద్దీ గోధుమ పొలాలు, మధ్యలో ఒక్కొక్కటిగా ఎదురయ్యే ఆకారాలు: కంచె దాటే జింకలు, నలభై అడుగుల మిడత, నీళ్ళలోంచి పైకి లంఘించే డెబ్భై అడుగుల చేప, పిల్లలతో నెమలిజాతి ఫెజంట్ పక్షుల కుటుంబం, గుర్రమెక్కిన థియొడోర్ రూజ్వెల్ట్. అమెరికా అధ్యక్షుడు కాకముందు 1880లలో ఆయన డకోటాలో పశువుల మందలు నడిపాడు కాబట్టి ఆయనకు ఇక్కడ చోటు న్యాయమే. చివర రీజెంట్‌కు దగ్గరలో 1991లో చేసిన మొట్టమొదటి శిల్పం, రేకుల కుటుంబం, నిలబడి ఉంది. తల్లి జుట్టు ముళ్ళతీగె. పనితనం రీత్యా చూస్తే అన్నిటిలోకీ మొరటుది ఇదే, కానీ నాకు అన్నిటికంటే నచ్చింది కూడా ఇదే; చెయ్యి తిరగని మనిషి మొదటి ప్రయత్నంలోని తెగువ అందులో అలాగే నిలిచి ఉంది.

కొన్ని శిల్పాల మీద రంగు పెచ్చులూడింది, ఒకటి రెండు చోట్ల గడ్డి మోకాలెత్తు పెరిగింది. దశాబ్దాలుగా ఒకే మనిషి రంగులు వేసి, గడ్డి కోసి, విరిగినవి అతికిస్తూ వచ్చాడని తెలిశాక దాన్ని లోపంగా రాయడానికి చెయ్యి రాదు. ప్రతి శిల్పం దగ్గరా కారు ఆపే స్థలం, కొన్నిచోట్ల బల్లలు ఉన్నాయి. ఈ 32 మైళ్ళలో పెట్రోలు దొరకదు, ఫోన్ సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. ట్యాంకు నింపుకుని, తిండి వెంట పెట్టుకుని వెళ్ళాలి. మరో ముఖ్య విషయం: ఇక్కడికి వచ్చేసరికి గడియారం ఒక గంట వెనక్కు పోతుంది. న్యూ సేలం సెంట్రల్ టైంలో ఉంటే రీజెంట్ మౌంటెన్ టైంలో ఉంది. బసకు చేరే వేళ ఫోన్లో చెప్పేటప్పుడు ఏ గడియారమో కూడా చెప్పండి.

బస కూడా గ్రెఫ్ ఆలోచనే. మూతపడిన బడి భవనాన్ని ఆయన ఎన్చాంటెడ్ కాజిల్ అన్న హోటలుగా మార్చాడు. బయట కోట బురుజులు, లోపల కవచధారుల బొమ్మలు ఉన్నా, నడవా మాత్రం ఎటు చూసినా బడి నడవాయే. మా గది ఒకప్పటి తరగతి గది. కిటికీలు పొడుగ్గా, పైకప్పు ఎత్తుగా ఉన్నాయి. పెద్ద హోటళ్ళ నున్నదనం ఆశించేవారికి ఇక్కడ సరిపడకపోవచ్చు. నాకు ఈ యాత్రలో అత్యుత్తమమైన బస ఇదే. సాయంత్రం ఊళ్ళో నడిచినప్పుడు ఎదురైన ముగ్గురూ ఆగి ఎక్కడి నుంచి వచ్చారని అడిగారు. మా శాకాహారం సంగతి చెబితే వంటావిడ బంగాళాదుంపలు, గుడ్డు లేని నూడిల్స్, కూరగాయల సలాడ్ చేసి పెట్టింది. మూడు రోజుల్లో వేడిగా తిన్న మొదటి పూర్తి భోజనం అది.

నాలుగో రోజు బౌమన్ మీదుగా దక్షిణ డకోటాలోకి దిగి, 90వ రహదారి పట్టుకుని ఛాంబర్లెన్ దాకా పోవాలని పెట్టుకున్నది మా పొరపాటు. నాలుగువందల మైళ్ళు దాటిన ఆ రోజు పిల్లకే కాదు, నడిపిన అన్నయ్యకూ అలసటే. వాల్ ఊళ్ళో రాత్రి ఆగి ఉంటే హాయిగా ఉండేది. ఆ ఊళ్ళో 80 అడుగుల డైనోసార్ ఉంది, వాల్ డ్రగ్ అన్న దుకాణం ఉంది. 1931లో ఆ మందుల దుకాణం కొన్న హస్టెడ్ దంపతులు, బేరాలు లేక అల్లాడుతున్న రోజుల్లో, 1936 వేసవిలో ఉచితంగా ఐస్ నీళ్ళు ఇస్తామని దారి వెంట బోర్డులు పెట్టి జనాన్ని రప్పించుకున్నారు. ఐస్ నీళ్ళు ఇప్పటికీ ఉచితమే, కాఫీ అయిదు సెంట్లు. డైనోసార్‌కు చెప్పుకోదగ్గ కథ లేదు. కథంతా ఆ నీళ్ళ గ్లాసులో ఉంది. లకోటా నాయకుడు క్రేజీ హార్స్ రూపంగా కొండను తొలుస్తున్న స్మారకం కూడా ఇటువైపే ఉన్నా, అది ఒక రోజంతా తీసుకునే వేరే యాత్ర కాబట్టి వదిలేశాం.

సూర్యుడు దిగుతుండగా ఛాంబర్లెన్ దగ్గర, 263, 265 ఎగ్జిట్ల మధ్య ఉన్న విశ్రాంతి స్థలంలో కారు ఆపాం. మిస్సోరి నది మీదికి చూసే గట్టున డిగ్నిటీ నిలబడి ఉంది. 50 అడుగుల స్టెయిన్‌లెస్ స్టీల్ స్త్రీమూర్తి; రెండు చేతులా భుజాల వెనకగా నక్షత్రపు దుప్పటి ఎత్తి పట్టుకుని ఉంటుంది. లకోటా, డకోటా ప్రజలు ఎవరినైనా గౌరవించాలంటే కప్పే దుప్పటి అది. దానిలో వజ్రాకారపు నీలి పలకలు నూటఇరవైకి పైగా ఉన్నాయి. గాలి తగిలినప్పుడల్లా అవి కదులుతాయి, నీలం రంగు లేతబడి మళ్ళీ చిక్కబడుతుంది. డేల్ లాంఫియర్ చేసిన ఈ శిల్పాన్ని 2016లో ప్రతిష్ఠించారు. రాపిడ్ సిటీకి చెందిన ఒక దంపతులు రాష్ట్రానికి కానుకగా ఇచ్చారు. ముఖానికి వేర్వేరు వయసుల ముగ్గురు స్థానిక జాతి స్త్రీలు నమూనాగా కూర్చున్నారు.

ఇది అమ్మేది ఏమీ లేదు. ఏ కంపెనీ గుర్తూ దీని మీద లేదు. ఊరి పేరైనా లేదు. ఈ దారిన వలసబండ్లు పోయిన కాలం నుంచి పక్కకు తొలగింపబడిన ప్రజల గౌరవం, ఇప్పుడు అదే దారిని పోయే ప్రతి బండికీ ఎదురుగా నిలబడింది. చీకటి పడ్డాక లోపలి దీపాలు వెలిగాయి. మేము గంటన్నర ఉన్నాం. అమ్మాయి నిద్ర ఆపుకుని, దుప్పటిలో ఎన్ని పలకలో లెక్కపెట్టడానికి మూడుసార్లు ప్రయత్నించింది. విశ్రాంతి స్థలం రాష్ట్రం నడిపేది, ప్రవేశం ఉచితం, మరుగుదొడ్లు బాగున్నాయి. అక్కడే, ఈ నది వెంట పడమరకు వెళ్ళిన అన్వేషకులు లూయిస్, క్లార్క్‌ల యాత్రను వివరించే చిన్న ప్రదర్శన కూడా ఉంది. సూర్యాస్తమయానికి ముందు చేరి, దీపాలు వెలిగేవరకూ ఉండగలిగితే రెండు వేర్వేరు విగ్రహాలు చూసినట్టే. బస ఛాంబర్లెన్‌లోనే, నది దగ్గర పాత మోటెల్‌లో. ముందు గది తెరిచి చూశాం, నచ్చాకే డబ్బు కట్టాం.

మర్నాడు మాంట్రోజ్ దగ్గర పోర్టర్ శిల్పవనంలో 60 అడుగుల ఎద్దు తలను చూశాం. లోపలికి నడిచి వెళ్ళవచ్చు. మిగతా శిల్పాల్లో కొన్ని పిల్లలు జడుసుకునేలా ఉన్నాయి కాబట్టి చిన్నవాళ్ళతో వెళ్ళేవారు ముందే ఆలోచించుకోవాలి.

మిన్నెసోటాలో మళ్ళీ అడుగుపెట్టాక 119వ ఎగ్జిట్ దగ్గర బ్లూ ఎర్త్. యాభై అయిదున్నర అడుగుల పచ్చటి మనిషి నడుం మీద చేతులు పెట్టుకుని నవ్వుతుంటాడు. ఇతడు డబ్బాల్లో పచ్చి బఠాణీలు, మొక్కజొన్న అమ్మిన గ్రీన్ జయంట్ కంపెనీ గుర్తు. ఆ కంపెనీ ఇదే రాష్ట్రంలోని లె స్యూర్‌లో మొదలయింది. బ్లూ ఎర్త్‌లో దాని కర్మాగారం ఉండేది. స్థానిక రేడియో స్టేషన్ యజమాని పాల్ హెడ్‌బర్గ్, రహదారి వచ్చి ఊరిని పక్కన పెట్టేస్తుందన్న దిగులుతో, దారిన పోయేవారిని ఊళ్ళోకి పిలవడానికి ఈ విగ్రహం ఆలోచన చేశాడు. కంపెనీ అనుమతి ఇచ్చింది, డబ్బు ఊరి వ్యాపారులు వేసుకున్నారు. 1978లో తూర్పు నుంచి, పడమర నుంచి వేసుకొచ్చిన 90వ రహదారి ఇక్కడే కలిసింది. పూర్వం రైలుమార్గాలు కలిసినచోట బంగారు మేకు కొట్టినట్టు, ఇక్కడ కొంత కాంక్రీటుకు బంగారు రంగు వేశారు. మరుసటి ఏడాది, 1979లో, విగ్రహాన్ని శాశ్వతంగా నిలబెట్టారు.

వ్యాపార గుర్తు కాబట్టి దీన్ని తక్కువ చేసి చూడాలనుకునే వచ్చాను. కానీ ఇక్కడి బఠాణీ చేలలో, డబ్బాల కర్మాగారంలో తరాల తరబడి పనిచేసిన ఊరికి ఈ పచ్చటి మనిషి బయటివాడు కాడు. చలికాలంలో అతని మెడకు ఎర్ర కండువా కూడా చుడతారట. మెట్లెక్కి అతని పాదాల మధ్య నిలబడి ఫొటో తీసుకోవచ్చు, పక్కనే సందర్శకుల కేంద్రం, నీడ, బల్లలు ఉన్నాయి. పిల్లలతో పోయేవారికి మధ్యాహ్నం ఆగడానికి ఇంత అనువైన చోటు ఆ రహదారి మీద మాకు మరొకటి తగల్లేదు.

గ్రీన్ జయంట్‌ను పోత పోసిన ఊరు విస్కాన్సిన్‌లోని స్పార్టా. ఆరో రోజు అక్కడికి వెళ్ళాం. ఫాస్ట్ అన్న పేరుతో నడుస్తున్న ఆ ఫైబర్‌గ్లాస్ కర్మాగారం వెనక, వాడి పక్కన పెట్టిన అచ్చులన్నీ ఒక పెద్ద గడ్డిమైదానంలో పడి ఉంటాయి. పనివేళల్లో ఎవరైనా వెళ్ళి చూడవచ్చు, రుసుము లేదు. అచ్చుల మీదికి ఎక్కకూడదు, కందిరీగల గూళ్ళు ఉంటాయి కాబట్టి లోపల చెయ్యి పెట్టకూడదు. బూట్లు, పొడుగు పంట్లాము తప్పనిసరి. బూడిద రంగు పెంకుల్లో సగం ఏనుగు, సగం సొరచేప, ఎవరిదో ఒక చెవి, ఒక బూటు, నోరు తెరిచిన కప్ప. అచ్చు కనుక ఉబ్బుగా ఉండాల్సినదంతా లోపలికి గుంట పడి ఉంటుంది. ముక్కు గొయ్యిలా, కన్ను గిన్నెలా ఉంటుంది. కొన్నిటి మధ్యలోంచి చెట్లు మొలిచాయి. ఆవు ఆకారపు సగం అచ్చు ఒకటి కనిపించగానే అమ్మాయి దాని ముందు ఆగిపోయి, "బాబాయ్, ఇది మన స్యూ లోపలి వైపా?" అని అడిగింది. స్యూది ఇంతకంటే ఎన్నో రెట్లు పెద్దదని చెప్పాను. అయినా చాలాసేపు ఆ గుంట పడిన ముఖాన్ని, దాని కొమ్ముల చోట నిలిచిన వాననీళ్ళను చూస్తూ నిలబడింది.